అద్దె రెక్కలు వద్దు, తాత గొంగడి చాలు

క్రిస్మస్ నాటకానికి తక్కువ ఖర్చుతో ఇంట్లోనే దుస్తులు

డిసెంబరు మొదటి ఆదివారం. ఆరాధన ముగిసింది. సండే స్కూలు పిల్లలను మందిరం వరండాలో కూర్చోబెట్టి, క్రిస్మస్ నాటకంలో ఎవరికి ఏ పాత్రో చదువుతున్నాను. దేవదూతల పేర్లు చదవగానే తొమ్మిదేళ్ళ పాప ఒకతె లేచి గంతులు వేసింది. అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయాక ఆ పాప తల్లి మాత్రం గోడ పక్కనే నిలబడి ఉంది.

"టీచరమ్మా, మా బిడ్డను తీసెయ్యిండ్రి. వేరే పిల్లను పెట్టుకోండ్రి" అంది మెల్లగా.

"ఎందుకు చెల్లే? పాప మంచిగ చేస్తది గదా!"

"చేస్తది గానీ, దూత డ్రెస్సుకు మూడు వందలు అద్దె అంటిరి. మీదికెళ్ళి డిపాజిట్ అంటిరి. మా ఆయన ఎకరం కౌలు పట్టి పసుపు ఏసిండు. పసుపు ఇంకా భూమిలనే ఉన్నది. నా బీడీల పైసలు ఇంటి సామానుకే సరిపోతలేవు. యాడికెళ్ళి తేవాలె?"

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే తప్పు నాదే. అంతకు ముందు సంవత్సరం పట్నంలోని ఒక దుకాణం నుంచి మెరిసే దుస్తులు అద్దెకు తెచ్చే పద్ధతి మొదలుపెట్టింది నేనే. గల్ఫ్ నుంచి డబ్బు వచ్చే ఇళ్ళవాళ్ళు సంతోషంగా ఇచ్చారు. లేనివాళ్ళు అప్పు చేసి ఇచ్చారని నాకు తరువాత తెలిసింది. ఒక బాబు రెక్క చిరిగితే డిపాజిట్ డబ్బు తిరిగి రాలేదు. ఆ బాబు తల్లి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అయితే ఈ సంవత్సరం ఆ బాబు పేరు ఇవ్వడానికే రాలేదు.

మన ఆర్మూరు ప్రాంతపు సంగతి మీకు తెలియనిది కాదు. పసుపు జూన్‌లో నాటితే ఎనిమిది తొమ్మిది నెలల పంట. జనవరి దాటాక తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, మెరుగు పెట్టి నిజామాబాదు మార్కెట్ యార్డుకు తోలితే గానీ చేతిలో డబ్బు కనిపించదు. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదుకు వచ్చింది, సంతోషం. అయినా బోర్డు వచ్చినంత మాత్రాన పంట డిసెంబరులో చేతికి రాదు. క్రిస్మస్ వచ్చేది సరిగ్గా ఇల్లు ఖాళీగా ఉన్న నెలలోనే. అటువంటి నెలలో, పశువుల తొట్టిలో పుట్టిన ప్రభువు కథ ఆడడానికి ఒక పేద బిడ్డకు అద్దె అడ్డం వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు పాస్టరమ్మగారితో మాట్లాడాను. ఇద్దరం కలిసి స్త్రీల కూటంలో ఒక మాట చెప్పాము: "ఈ యేడు అద్దె లేదు. ఇంటికొక పాత బట్ట తెండి. కొత్తది తేవద్దు. ఏ ఇంటి నుంచి ఏది వచ్చిందో ఎవరూ అడగవద్దు." మూడు శనివారాలలో 18 మంది పిల్లలకు దుస్తులు తయారయ్యాయి. ఎలా చేశామో, ఎక్కడ చెడగొట్టామో కూడా మీకు రాస్తున్నాను. మీ సంఘంలో ఎవరికైనా ఉపయోగపడుతుందని నా ఆశ.

ముందు వాక్యం చదవండి

దుస్తుల జాబితా రాయడానికి ముందు లూకా 2వ అధ్యాయం, మత్తయి 2వ అధ్యాయం నిదానంగా చదవండి. సగం ఖర్చు అక్కడే తగ్గిపోతుంది. గొర్రెల కాపరుల దగ్గరకు వచ్చిన దూతకు రెక్కలు ఉన్నట్లు లూకా రాయలేదు. తూర్పు నుంచి వచ్చిన జ్ఞానులు రాజులని మత్తయి చెప్పలేదు, ముగ్గురని కూడా చెప్పలేదు. కానుకలు మూడు రకాలు కనుక మనమే ముగ్గురని అనుకున్నాము. మరియ నీలం బట్ట కట్టుకున్నదని ఏ సువార్తలోనూ లేదు. ఈ రెక్కలు, ఈ కిరీటాలు, ఈ నీలం ముసుగు చాలావరకు ఐరోపా చిత్రకారుల బొమ్మల నుంచి మన క్రిస్మస్ కార్డుల మీదికి వచ్చినవే. అందంగా ఉంటే పెట్టుకోవచ్చు, తప్పు లేదు. కానీ అవి లేకపోతే కథ చెడదు.

వాక్యంలో ఉన్న బట్ట ఒక్కటే, పొత్తిగుడ్డలు. మన ఊళ్ళో పసిబిడ్డను చుట్టే పాత మెత్తని చీర ముక్కే అది. అది లేని ఇల్లు ఉన్నదా?

వేషం కట్టడం మనకు కొత్త కాదు

క్రీ.శ. 1223లో ఇటలీ దేశంలోని గ్రెచ్చో అనే కొండ ఊరిలో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే భక్తుడు ఒక పశువుల తొట్టి, కాస్త గడ్డి, నిజమైన ఎద్దును, గాడిదను పెట్టించి క్రిస్మస్ రాత్రి ప్రభువు జననాన్ని ప్రజల కళ్ళకు కట్టించాడు. చదువురాని పల్లెవాళ్ళకు ప్రభువు పేదరికం అర్థం కావాలని ఆయన కోరిక. ఊళ్ళో ఉన్నవాటితోనే ఆ పని జరిగింది.

మన జిల్లాలోనే చూడండి. బోధన్ దగ్గర అమ్దాపూర్‌కు చెందిన చిందు ఎల్లమ్మగారు 2005లో కన్నుమూసే వరకు చిందు భాగవతానికి పేరు తెచ్చారు. ఆ చిందు కళాకారుల కిరీటాలు, భుజకీర్తులు తేలికపాటి కర్రతో చేసినవే. దీపం వెలుగులో అవి నిజమైన బంగారమే అనిపించేవి. బంగారం లేని చేతులు బంగారాన్ని చూపించగలవని మన పెద్దలు ఎప్పుడో రుజువు చేశారు.

మన తెలుగువారు ఎందరో స్థిరపడిన అమెరికాలో అక్టోబరు 31న హాలోవీన్ అని పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ మిఠాయిల కోసం వెళ్తారు. నవంబరు 1 పరిశుద్ధులందరి దినం కనుక దాని ముందు రోజు సాయంకాలానికి ఆ పేరు వచ్చింది. మార్టిన్ లూథర్ తన 95 సిద్ధాంతాలను ప్రకటించిన రోజుగా మనం జ్ఞాపకం చేసుకునేది కూడా 1517 అక్టోబరు 31నే. అక్కడి దయ్యాల వేషాలతో మనకు పని లేదు గాని, ఒక సంగతి గమనించాలి. ఫ్యాక్టరీ దుస్తులు రాకముందు అక్కడి తల్లులు కూడా పాత దుప్పట్లు, అట్టలతోనే పిల్లలకు వేషాలు కుట్టేవారు. తయారైనవి కొనడం అలవాటయ్యాక కొనలేని ఇళ్ళకు అది భారమైంది. మనకు కూడా అదే జరుగుతున్నది.

అంగీ: ఒక లుంగీ, ఒక సూది

యోసేపు, కాపరులు, జ్ఞానులు, దూతలు అందరికీ లోపల వేసుకునే అంగీ ఒకటే రకం. ఒక నూలు లుంగీ సుమారు 2 మీటర్లు ఉంటుంది. కుట్టు విప్పి, పొడవును సగానికి మడవండి. పదేళ్ళ బిడ్డకు భుజం నుంచి చీలమండ దాకా ఇంచుమించు సరిపోతుంది. మడత మధ్యలో 9 అంగుళాలు అడ్డంగా, అక్కడి నుంచి ముందువైపు 3 అంగుళాలు కిందికి కత్తిరిస్తే తల పడుతుంది. రెండు ప్రక్కలా పైన చేతుల కోసం 9 అంగుళాలు వదిలి మిగిలినది కింది దాకా కుట్టండి. నడుముకు చేదతాడు ముక్క కట్టండి. అంగీ అయిపోయింది. మిషను అవసరం లేదు, చేతి కుట్టు చాలు.

పంచె ఇచ్చినవారు దానిని తిరిగి కట్టుకోవాలనుకుంటే కత్తెర పెట్టవద్దు. రెండు భుజాల మీద పిన్నీసులు పెట్టి, నడుముకు తాడు కట్టి, కింద మిగిలినది లోపలికి మడవండి. నాటకం అయ్యాక పంచె పంచెగానే ఇంటికి పోతుంది. మా దగ్గర దూతలందరూ ఇలా తండ్రుల, తాతల తెల్ల పంచెలతోనే నిలబడ్డారు. రెక్కలు లేవు. ఎవరూ అడగలేదు.

మరియకు ఒక అవ్వ తన పాత నేత చీర ఇచ్చింది. అది నీలం కాదు, మాసిన ఆకుపచ్చ. అక్కడక్కడ మాసికలు ఉన్నాయి. ఇవ్వడానికి ఆమె సిగ్గుపడితే పాస్టరమ్మగారు, "అవ్వా, మరియమ్మ పేదింటి బిడ్డేనే" అన్నారు. అవ్వ నవ్వి చేతిలో పెట్టింది.

రంగు: మన పసుపే

జ్ఞానుల పైబట్టలకు రంగు కావాలి. దానికి కూడా దుకాణానికి పోవలసిన పని లేదు. వంటకు పనికిరాని పాత పసుపు కొమ్ములు ఏ ఇంట్లోనైనా దొరుకుతాయి. వాటిని దంచి పొడి చేసుకోండి.

1. నూలు బట్టను సబ్బుతో ఉతికి గంజి వదిలించండి. తరువాత మంచినీళ్ళలో మూడుసార్లు జాడించండి. సబ్బు మిగిలితే పసుపు రంగు మరకలు మరకలుగా ఎర్రబడుతుంది. మేము మొదటి బట్టను ఇలాగే చెడగొట్టుకున్నాము.

2. ఒక పంచెకు 30 గ్రాముల పటిక వేడి నీళ్ళలో కరిగించి, బట్టను అందులో ఒక గంట నానబెట్టండి. రంగు కాస్త గట్టిగా పట్టుకుంటుంది.

3. 7 లీటర్ల నీళ్ళలో 50 గ్రాముల పసుపు వేసి పావుగంట మరిగించండి. తడి బట్టను అందులో వేసి చిన్న మంట మీద అరగంట కర్రతో కలుపుతూ ఉండండి. కలపకపోతే రంగు సమంగా పట్టదు.

4. తీసి జాడించి నీడలోనే ఆరవేయండి. పసుపు రంగు ఎండకు నిలవదు.

ఎరుపు కావాలంటే, పసుపు పట్టించిన బట్టను తేరిన సున్నపు నీళ్ళలో ముంచితే చూస్తుండగానే ఎర్రగా మారుతుంది. మన ఇళ్ళలో పారాణి కలిపేది ఇదే విధంగా. ఎండిన తరువాత ఇటుక రంగుకు దిగుతుంది. చింతపండు పులుసు తగిలితే మళ్ళీ పసుపు అవుతుంది. పసుపులోని కుర్కుమిన్ అనే పదార్థానికి ఆ గుణం ఉంది. సున్నం చర్మాన్ని కాలుస్తుంది, కళ్ళకు ప్రమాదం. కనుక ఈ పని పెద్దలే చేయాలి. నాటకం అయిపోయాక ఆ బట్టలను ఉతికి కొన్ని రోజులు మంచి ఎండలో వేయండి. పూర్తిగా పోకపోయినా చాలా రంగు వెలిసిపోతుంది.

కిరీటం: బీడీ కత్తెర, పెళ్ళి పత్రిక

మా సంఘంలో చాలామంది తల్లులు బీడీలు చేస్తారు. రోజంతా తునికాకు కత్తిరించే చేతులకు అట్ట కత్తిరించడం ఒక లెక్కా! 22 అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పు గల అట్ట ముక్క తీసుకుని పైఅంచును పళ్ళు పళ్ళుగా కత్తిరించి, బిడ్డ తలకు చుట్టి చూసి అంటించాలి. జిగురుకు మైదా ఉడికించిన ముద్ద చాలు. పైన బంగారు కాగితం అతికించండి. మేము పాత పెళ్ళి పత్రికల మీది బంగారు అచ్చు భాగాలు కత్తిరించి రత్నాలుగా అతికించాము. పాత చీర జరీ అంచు కూడా బాగుంటుంది.

మా మొదటి కిరీటం రిహార్సల్ రోజే ఊడింది. జిగురు ఆరడానికి ఒక రోజంతా వదలాలి. మేము రెండు గంటలే వదిలాము.

జ్ఞానుల కానుకలకు ఇత్తడి కుంకుమ భరిణె, రాగి చెంబు, మూత ఉన్న మిఠాయి పెట్టె సరిపోయాయి.

కాపరి: వేషమే అక్కరలేదు

అన్నిటికంటే తేలికైనది, అన్నిటికంటే నిజమైనది కాపరి వేషం. మన ఊరి గొల్ల కురుమలు ఈ రోజుకూ నల్ల గొంగడి భుజాన వేసుకుని, చేతిలో కర్రతో మందను తోలుకుపోతున్నారు. బేత్లెహేము పొలాలలో రాత్రివేళ మంద కాచుకున్నవారిని చూపించడానికి అంతకంటే మంచి బట్ట ఏది? తలకు తువ్వాల, భుజాన గొంగడి, చేతిలో కర్ర చాలు. గొంగడి దొరకకపోతే వానకు పొలంలో కప్పుకున్నట్లు గోనెసంచి ఒక మూలను మరో మూలలోకి దోపి తలమీదుగా వేసుకోవచ్చు. గడ్డానికి గోనె నారను ఒక గుడ్డ పట్టీకి కుట్టి, చెవుల వెనుక నుంచి కట్టండి. ముఖానికి జిగురు పూయవద్దు.

జాగ్రత్తలు

మందిరంలో కొవ్వొత్తులు ఉంటాయి. దూది గడ్డం, నార, వదులు అంగీ క్షణంలో అంటుకుంటాయి. నైలాను బట్ట అయితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. వేషం వేసిన పిల్లల చేతికి కొవ్వొత్తి ఇవ్వకండి. కాగితపు దీపంలో చిన్న టార్చి పెట్టండి. పొరపాటున బట్ట అంటుకుంటే బిడ్డను పరుగెత్తనివ్వక నేల మీద దొర్లించాలి. లేదా ఉన్ని గొంగడి కప్పాలి. కాలిన చోట 20 నిమిషాలు చల్లని నీళ్ళు పోసి ఆసుపత్రికి తీసుకుపోవాలి. పసుపు, నూనె, పళ్ళ పేస్టు పూయకూడదు.

ఎరువులు, మందు కలిపిన విత్తనాలు వచ్చిన సంచులు పిల్లల ఒంటికి తగలనివ్వవద్దు. ముఖానికి గోడ రంగులు, సంతలో అమ్మే విడి రంగు పొడులు వాడవద్దు. పౌడరు, కాటుక చాలు. అంగీ పాదాల మీద పడి కాలికి తట్టుకోకుండా పొట్టిగా మడవండి.

లెక్క

అద్దెకు తెస్తే 18 మందికి 300 చొప్పున 5,400 రూపాయలు అయ్యేది. డిపాజిట్ వేరు. మాకు అయిన ఖర్చు: పటిక 20, బంగారు కాగితం 60, సూదులు, దారం 40, పిన్నీసులు 20, నాడా 30. మొత్తం 170 రూపాయలు. పసుపు, సున్నం, మైదా ఇళ్ళ నుంచే వచ్చాయి. ఆ 170 సండే స్కూలు కానుకల డబ్బాలోనే దొరికాయి. ఏ తల్లినీ అడగలేదు.

తిరిగి ఇవ్వవలసినవి ఉతికి ఇచ్చేశాము. మిగిలినవి ఎండబెట్టి, వేపాకు వేసి ఒక పాత ట్రంకు పెట్టెలో మందిరంలోనే ఉంచాము. వచ్చే సంవత్సరం పిల్లలు ఎదిగినా మడతలు విప్పుకోవచ్చు.

ఆ రాత్రి

ఆ తొమ్మిదేళ్ళ పాప సంగతి చెప్పలేదు కదా. దూత వేషానికి పంచెలు సిద్ధం అయ్యాక పిలిస్తే, "నేను కాపరిని అయిత టీచర్, మా తాత గొంగడి ఉన్నది" అంది. వాళ్ళ తాత మందిరానికి వచ్చే మనిషి కాదు. మోకాళ్ళ నొప్పులని, ఏదో పాత కోపమని ఇంట్లోనే ఉండేవాడు. సెమీ క్రిస్మస్ రాత్రి పాప గొంగడి కప్పుకుని, చేతిలో కర్రతో ముందుకు వచ్చి నిలబడింది. గొంగడి నేలకు జీరాడుతున్నది. వెనుక తలుపు దగ్గర నుంచి ఒక గొంతు, "అది నాదే! ఆ గొంగడి నాదే!" అని గట్టిగా వినిపించింది. అందరూ నవ్వారు. ఆ ముసలాయన కూడా నవ్వాడు. చివరి ప్రార్థన దాకా తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

కిందటేడు రెక్క చిరిగిన బాబు కూడా వచ్చాడు. అతనిది గొర్రెపిల్లను పట్టుకునే పాత్ర. గొర్రెపిల్ల నాటకం మధ్యలో అరిచింది, పారిపోబోయింది. అతను విడిచిపెట్టలేదు. వాళ్ళ అమ్మ దగ్గరకు వెళ్ళి నేను క్షమాపణ అడిగాను. "అయ్యో, గదేం మాట టీచరమ్మా" అని నా చేయి పట్టుకుంది.

ప్రియమైన తల్లులారా, సండే స్కూలు ఉపాధ్యాయులారా, సౌలు తన కవచాన్ని దావీదుకు తొడిగించినప్పుడు ఆ చిన్నవాడు దానితో నడవలేకపోయాడు (1 సమూయేలు 17). విప్పేసి తన కర్ర, తన వడిసెలతోనే వెళ్ళాడు. అరువు తెచ్చిన మెరుపు మన బిడ్డలకు కూడా ఇరుకే. హన్నా ప్రతి సంవత్సరం తన చేతితో చిన్న అంగీ కుట్టి సమూయేలుకు తీసుకుపోయేది (1 సమూయేలు 2). దొర్కా కుట్టిన బట్టలను విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించారు (అపొ. కార్యములు 9). చేతితో కుట్టిన బట్టకు దేవుని వాక్యంలో అంత చోటు ఉంది.

ఈ క్రిస్మస్‌కు మీ పెట్టె తెరిచి చూడండి. పాత పంచె, అవ్వ చీర, తాత గొంగడి ఏదో ఒకటి ఉంటుంది. దానిని మందిరానికి తెండి. పాత్రల పేర్లు చదివే ముందు ఒక్క మాట చెప్పండి: "ఎవరూ పైసలు తేనవసరం లేదు." ఆ మాట విన్నాక గోడ పక్కన నిలబడిపోయే తల్లి మీ సంఘంలో ఉండదు.